యాసకు పొలిమేర ఎక్కడ? చీమకుర్తి చుట్టుపక్కల తెలుగు

ఒంగోలుకు పడమరగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, కర్నూలు రోడ్డు మీద ఉన్న చీమకుర్తి అనగానే ఎవరికైనా బంగారు చుక్కల నల్లరాయి గుర్తుకొస్తుంది. గెలాక్సీ గ్రానైటు పేరుతో దేశదేశాలకు వెళ్లే ఆ రాయి సంగతి అలా ఉంచితే, తెలుగు యాసలను పట్టించుకునేవారికి ఈ ఊరు మరో కారణంగా ముఖ్యమైనది. గుంటూరు వైపు మాట, నెల్లూరు వైపు మాట, కర్నూలు వైపు మాట ఒకదానిలోకి ఒకటి మళ్లే చోటు ఇది. ఉత్తరాన అద్దంకి, వాయవ్యాన దర్శి, పడమర పొదిలి, తూర్పున ఒంగోలు, ఎటు చూసినా ఏభై కిలోమీటర్ల లోపే. అయినా ఈ ఊళ్ల మాట ఒక్కటి కాదు. ఏ ఊరివాడో పేరు చెప్పకుండానే మాటను బట్టి పట్టేసేవారు ఈ ప్రాంతంలో ఎప్పుడూ ఉన్నారు. ఇరుగుపొరుగు ఊళ్ల మధ్య ఇంత తేడా ఎందుకు వస్తుంది, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది అన్నది ఈ వ్యాస విషయం. దూరమో, జిల్లా సరిహద్దో యాసను నిర్ణయించవు. ఎవరు ఎవరితో ఏ హోదాలో మాట్లాడుకుంటారన్నదే నిర్ణయిస్తుంది అన్నది ఇందులోని ప్రతిపాదన. దానికి ఆధారాలు, దాని మీద రాగల అభ్యంతరాలు వరుసగా చూద్దాం.

మూడు జిల్లాలు మారిన ఊరు

సామాన్యంగా మనం యాసలకు జిల్లాల పేర్లు పెడతాం. గుంటూరు యాస, నెల్లూరు యాస, కర్నూలు యాస అంటాం. చీమకుర్తి చరిత్ర చూస్తే ఈ అలవాటు ఎంత బలహీనమో తెలుస్తుంది. ఒంగోలు తాలూకా పందొమ్మిదో శతాబ్దమంతా నెల్లూరు జిల్లాలో భాగం. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఆ తాలూకాను నెల్లూరు నుంచి తీసి కొత్త జిల్లాలో కలిపారు. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. ఒంగోలు, అద్దంకి, చీరాల ప్రాంతాలు గుంటూరు నుంచి, పొదిలి, దర్శి, కనిగిరి, కందుకూరు నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు నుంచి వచ్చాయి. 2022లో మళ్లీ జిల్లాలను విడగొట్టినప్పుడు చీరాల, పర్చూరు, అద్దంకి బాపట్ల జిల్లాకు, కందుకూరు నెల్లూరు జిల్లాకు వెళ్లాయి. ఒక ఊరు కదలకుండా కూర్చునే మూడు జిల్లాల పేర్లు మోసింది. జిల్లానే యాసకు హద్దయితే 1904లో ఒకసారి, 1970లో మరోసారి చీమకుర్తి జనం మాట మార్చుకొని ఉండాలి. అలాంటిదేమీ జరగలేదని వేరే చెప్పనక్కర్లేదు.

అయితే పాలనా సరిహద్దులకు మాట మీద ప్రభావమే లేదనడం కూడా తొందరపాటే. జిల్లా మారితే కోర్టు మారుతుంది, కలెక్టరు కచేరీ మారుతుంది, పిల్లలు పై చదువులకు వెళ్లే పట్నం మారుతుంది, పంట అమ్మే మార్కెట్టు మారవచ్చు. అరవయ్యారేళ్లు గుంటూరుతో లావాదేవీలు నడిపిన ఒంగోలు తాలూకాకూ, అదే కాలంలో నెల్లూరు వైపు చూసిన పొదిలికీ మధ్య తేడా పెరగడానికి ఆ రాకపోకలు దోహదం చేసే ఉంటాయి. సరిహద్దు గీత తనంతట తాను మాటను మార్చదు. అది రాకపోకలను మళ్లించిన మేరకే, మళ్లించినంత కాలమే, మాటను తాకుతుంది. ఈ తేడాను గుర్తుపెట్టుకుంటే తర్వాతి ఆధారాలు తేలిగ్గా అర్థమవుతాయి.

పటం మీద గీసిన గీత

తెలుగు మాండలికాలను శాస్త్రీయంగా పటం మీదికి ఎక్కించే పనికి పునాది వేసినవారు భద్రిరాజు కృష్ణమూర్తి. ఆయన 1928లో ఒంగోలులోనే పుట్టారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటానికి ఆయన వ్యవసాయ పదాలను తీసుకున్నారు. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. వేటపాలెంలో పుట్టిన బూదరాజు రాధాకృష్ణ ఇదే వరుసలో వాస్తు పదాల సంపుటాన్ని కూర్చారు. పండితుల గ్రంథాల నుంచి కాక, పని చేసే మనుషుల నోటి నుంచి మాటలు సేకరించడం ఈ సంపుటాల ప్రత్యేకత. ఆ సామగ్రి ఆధారంగా తెలుగు నేలను నాలుగు మండలాలుగా విభజించారు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు పూర్వ మండలం. తెలంగాణ ఉత్తర మండలం. గోదావరి జిల్లాలు, కృష్ణా, గుంటూరు మధ్య మండలం. నెల్లూరుతో కలిపి రాయలసీమ దక్షిణ మండలం. ఈ విభజన నేటికీ పాఠ్యపుస్తకాల్లో నిలిచి ఉంది.

1962 నాటికి ప్రకాశం జిల్లా లేదన్న సంగతి ఇక్కడ గమనించాలి. అప్పటి లెక్కలో చీమకుర్తి గుంటూరు జిల్లా కాబట్టి మధ్య మండలం. పక్కనున్న పొదిలి నెల్లూరు జిల్లా కాబట్టి దక్షిణ మండలం. అంటే రెండు పెద్ద మాండలికాల హద్దు సరిగ్గా ఈ రెండు ఊళ్ల మధ్య మెట్ట చేలలోంచి పోయినట్టు. రాష్ట్రమంతటికీ ఒక చూపులో పటం గీసినప్పుడు ఇలా జిల్లాను కొలమానంగా తీసుకోవడం తప్పదు. అందులో దోషమేమీ లేదు. ఆ పటాన్ని ఊరి స్థాయికి దించి, ఈ గట్టు దాకా ఒక తెలుగు, ఆ గట్టు నుంచి మరో తెలుగు అనుకోవడమే దోషం. కృష్ణమూర్తి స్వయంగా 1978లో ద్రావిడ భాషల ధ్వని మార్పుల గురించి రాసిన వ్యాసంలో, మార్పు ఒక్కసారిగా భాషంతటినీ కమ్మేయదనీ, ఒక్కో పదాన్ని పట్టుకొని, ఒక్కో ప్రాంతాన్ని పట్టుకొని నెమ్మదిగా పాకుతుందనీ చూపించారు. ఆ సూత్రాన్నే ఆయన పుట్టిన నేలకు వర్తింపజేస్తే, మధ్య–దక్షిణ మండలాల హద్దు ఒక గీతగా కాక అనేక గీతల అల్లికగా కనబడాలి. కనబడుతుంది కూడా.

క్రియల సాక్ష్యం

హద్దులను పట్టి ఇచ్చేవాటిలో మొదటిది ‘ఉండు’ ధాతువు. మధ్య మండలంలో ‘ఇంట్లో ఉన్నాడు’, ‘చేలో ఉన్నారు’ అంటారు. నెల్లూరు, చిత్తూరు, కడప వైపు ‘ఇంట్లో ఉండాడు’, ‘చేలో ఉండారు’ అంటారు. జరుగుతున్న పనిని చెప్పే క్రియ కూడా దీని మీదే కట్టినది. గుంటూరు వైపు ‘ఏం చేస్తన్నావు?’ అన్నది నెల్లూరు వైపు ‘ఏం చేస్తా ఉండావు?’, సీమలో ‘ఏం చేస్తాండావు?’ అవుతుంది. చీమకుర్తి, పొదిలి మధ్య ఊళ్లలో ఈ రెండు పద్ధతులూ కలుస్తాయి. ఒకే మనిషి నోట ‘మీ నాయన ఇంట్లో ఉండాడా?’ అన్న ప్రశ్న, ఆ వెంటనే ‘ఏం చేస్తన్నాడు?’ అన్న ప్రశ్న వినబడటం అరుదు కాదు. విడిగా వచ్చినప్పుడు దక్షిణపు రూపం, మరో క్రియకు తోడైనప్పుడు మధ్య మండలపు రూపం. పైకి ఇది కలగాపులగంగా తోచవచ్చు. కాని ఏది ఎక్కడ వాడాలో మాట్లాడేవారికి తడబాటు లేదు. తడబాటు లేని చోట ఉన్నది కల్తీ కాదు, వ్యాకరణం.

రెండో సాక్ష్యం ‘ఎట్టా’. కృష్ణా, గోదావరి జిల్లాల్లో ‘ఎలా, అలా, ఇలా’. కర్నూలులోనూ తెలంగాణలోనూ ‘ఎట్ల, అట్ల, ఇట్ల’. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు మూడింటా ‘ఎట్టా, అట్టా, ఇట్టా’. ‘ఉండాడు’ గీత గుంటూరును నెల్లూరు నుంచి విడదీస్తే, ‘ఎట్టా’ గీత ఆ రెండింటినీ ఒక గూటికి చేర్చి కృష్ణకు అవతలి వారినీ, నల్లమలకు అవతలి వారినీ బయట నిలబెడుతుంది. ‘ఏంటి’ బదులు ‘ఏంది’ అనడం మరింత విశాలమైన అలవాటు. గుంటూరు నుంచి సీమ, తెలంగాణల దాకా పరుచుకుంది. ‘రాలేదు’ను ‘రాలా’ అని కురచ చేయడమూ గుంటూరు నుంచి దక్షిణానికి సాగే పద్ధతే. భూతకాలపు క్రియ వీటన్నిటికీ భిన్నమైన దారి పట్టింది. కోస్తాలో ‘వచ్చాడు’, సీమలో ‘వచ్చినాడు’, తెలంగాణలో ‘వచ్చిండు’. కర్నూలు నుంచి వచ్చి చేరిన గిద్దలూరు, కంభం వైపు ‘వచ్చినాడు’ బాగా వినబడుతుంది. తూర్పుకు వచ్చేకొద్దీ ‘వచ్చాడు’ దాని చోటు ఆక్రమిస్తుంది. ఇలా ప్రతి లక్షణానికీ తన సొంత పొలిమేర ఉంది. ఆ పొలిమేరల్లో ఏ రెండూ పూర్తిగా ఒకదాని మీద ఒకటి పడవు.

ఇది మన నేలకే ప్రత్యేకం కాదు. జర్మనీలో గెయోర్గ్ వెంకర్ 1876లో బడిపంతుళ్లకు వాక్యాల పట్టికలు పంపి, స్థానిక మాటలోకి మార్చి ఇమ్మని అడిగాడు. మాండలికాల మధ్య తేటైన హద్దు తేలుతుందని ఆశించాడు. తీరా చూస్తే రైన్ నది దగ్గర ‘నేను’, ‘చేయు’, ‘ఊరు’, ‘అది’ అన్న మాటల గీతలు ఒక్కోటి ఒక్కో ఊరి మీదుగా విసనకర్రలా విచ్చుకున్నాయి. వేల్సు దేశంలో పాలను ఉత్తరాదివారు ‘లెవ్రిత్’ అనీ దక్షిణాదివారు ‘ల్లైత్’ అనీ అంటారు. ‘ఇప్పుడు’ అనడానికి ఉత్తరాన ‘రూఅన్’, దక్షిణాన ‘నౌర్’. అలన్ థామస్ 1973లో వేల్సు భాషా భూగోళాన్ని పటాలుగా ప్రచురించాడు. అక్కడి లోయల్లోనూ పక్క ఊరి మాటను ఎత్తిచూపి నవ్వుకోవడం మామూలే. చిన్న దేశమైనా, పెద్ద రాష్ట్రమైనా మాట మారే తీరు ఒకటేనని ఈ పోలిక చెబుతుంది.

పొలం మాట, వంటింటి మాట

క్రియల కన్నా నామవాచకాలు చంచలమైనవి. ఒక వస్తువు పేరు సంతలో ఒక్క పూటలో మారవచ్చు. అందుకే ఏ మాట మారింది, ఏది మారలేదు అన్నది చూస్తే రాకపోకల జాడ తెలుస్తుంది. గోదావరి జిల్లాల ఆనపకాయ ఇక్కడ సొరకాయ. కోస్తాలో ఉల్లిపాయ అనేదాన్ని గుంటూరు పల్లెల్లో నీరుల్లి అనడం ఉంది, దక్షిణానికి పోతే ఎర్రగడ్డ. వేరుశనగ నెల్లూరు, సీమల వైపు శనక్కాయ. పొలం గట్టును దక్షిణాన గనిమ అంటారు. వరి మడి నెల్లూరు వైపు కయ్య. అరక, గుంటక, గొర్రు అన్న సేద్యపు పనిముట్ల పేర్లు గుంటూరు, ప్రకాశం మెట్టల్లో బాగా నాటుకున్నాయి. అనంతపురం, చిత్తూరు వైపు నాగలిని మడక అంటారు. తండ్రిని నాయన అని పిలవడం ఈ మెట్ట ప్రాంతమంతటా ఉంది. ఇంట్లో పిలుచుకునే పేర్లు, ఇంటికోసం పండించుకునే కాయగూరల పేర్లు ఇలా ప్రాంతాన్ని బట్టి నిలకడగా ఉంటాయి.

దీనికి భిన్నంగా అమ్మకానికి పండించే పంటల మాట మార్కెట్టు చెప్పినట్టు నడుస్తుంది. మిరపను చూడండి. మెట్టలో పండిన కాయ చివరికి చేరేది గుంటూరు మిర్చి యార్డుకే. కాబట్టి కల్లంలో ఎండబోసిన కాయలోంచి ఏరి వేరు పెట్టే తెల్లబారిన కాయ ఎక్కడైనా ‘తాలు’. యార్డుకు ఎక్కించే బస్తా ఎక్కడైనా ‘టిక్కీ’. కందుకూరు రైతయినా, పల్నాడు రైతయినా ఈ మాటల దగ్గర తేడా రానివ్వడు. వస్తే నష్టపోయేది తనే. పొగాకుదీ ఇదే కథ. బ్యారన్, బేలు, గ్రేడు అన్న మాటలు కంపెనీల ద్వారా వచ్చి స్థిరపడ్డాయి. 1976లో గుంటూరు కేంద్రంగా ఏర్పడిన పొగాకు బోర్డు, తర్వాతి కాలపు వేలం కేంద్రాలు వాటిని మరింత గట్టిపరిచాయి. చీమకుర్తి రాతి వ్యాపారంలో క్వారీ, బ్లాకు, స్లాబు, పాలిషింగు అన్నవీ ఆ కోవలోవే. అదే రైతు ‘మిరపకాయ’ను ‘మిరగాయ’ అనో ‘మిరక్కాయ’ అనో తన ఊరి పద్ధతిలో పలుకుతూ, ‘టిక్కీ’ దగ్గరకు వచ్చేసరికి అందరి మాటా మాట్లాడతాడు. ఒకే వాక్యంలో రెండు పరిధుల మాట పక్కపక్కన ఉంటుంది. పెద్ద పరిధిలో తిరిగే సరుకు మాటను ఏకం చేస్తుంది. ఇంటి పరిధి దాటని వస్తువు మాటను వేరుగా నిలుపుతుంది.

మాట్లాడటం వేరు, కలిసిపోవడం వేరు

రాకపోకలే కారణమైతే, రోజూ ఎదురుపడేవారంతా ఒకే యాస మాట్లాడాలి కదా అన్నది సహజంగా వచ్చే అభ్యంతరం. మిరప కోతల కాలం ఈ ప్రశ్నకు మంచి పరీక్ష. జనవరి తర్వాత మార్కాపురం, గిద్దలూరు, కర్నూలు మెట్టల నుంచి కూలీ కుటుంబాలు ముఠాలుగా గుంటూరు, పల్నాడు మిరప చేలకు తరలివస్తాయి. చేల పక్కనే గుడిసెలు వేసుకొని వారాల తరబడి ఉంటాయి. రైతుతో మాటలు నడిపేది ముఠామేస్త్రీ. ఎన్ని కేజీలు కోశారు, కూలి ఎంత, ఎప్పుడు ఇస్తారు అన్న లెక్కలు రైతుకూ మేస్త్రీకీ మధ్య తేలతాయి. కోసేవారి కబుర్లన్నీ కోసేవారి మధ్యే. సీజను ముగిసి వారు తిరిగి వెళ్లేటప్పుడు కొన్ని పనిమాటలు వెంట తీసుకుపోతారేమో గాని ‘వచ్చినాడు’ అనేవారు ‘వచ్చాడు’లోకి మారరు. ఏటా జరిగే రాకపోక, అయినా మాట అంటుకోదు. ఎందుకంటే అది పనిమేరకు జరిగే మాటామంతీ; సాటివారుగా కలిసి కూర్చునే సంబంధం కాదు.

జాన్ గంపర్జ్ ఉత్తరప్రదేశ్‌లోని ఖలాపూర్ గ్రామంలో పరిశోధన చేసి 1958లో ప్రకటించిన ఫలితం ఇదే దిశలో ఉంది. ఊళ్లో కులాలవారీగా పలుకుబడి మారుతోంది. కాని ఎవరు ఎవరితో ఎక్కువసేపు పని చేస్తున్నారన్న దాన్ని బట్టి అది మారడం లేదు. ఎవరు ఎవరితో స్నేహంగా, చనువుగా మెలుగుతున్నారన్నదాన్ని బట్టి మారుతోంది. పొలంలో రోజంతా యజమాని ఎదుటే ఉన్న కూలీ మాట యజమాని మాటలా మారదు. ఒకే అరుగు మీద కూర్చునేవారి మాట ఒకటవుతుంది. ఈ కోణంలో చూస్తే మన పల్లెల్లో యాసను కాపాడే బలమైన వ్యవస్థ పెళ్లి. మేనరికాల వల్ల కొన్ని ఊళ్ల మధ్య తరతరాలుగా ఇచ్చిపుచ్చుకోవడాలు సాగుతాయి. కోడలిగా వచ్చిన అమ్మాయి తన ఊరి మాట తెస్తుంది, పిల్లలకు ఆ మాటే మొదట వినబడుతుంది, సెలవులకు వెళ్లే అమ్మమ్మగారి ఊరు దాన్ని బలపరుస్తుంది. అవే ఊళ్ల మధ్య మళ్లీ మళ్లీ సంబంధాలు కలిస్తే ఆ ఊళ్ల మాటలు దగ్గరగానే ఉండిపోతాయి. పక్కనే ఉన్నా పిల్లను ఇచ్చిపుచ్చుకోని ఊరు మాటలో దూరంగానే ఉండవచ్చు.

దూరానికి ఈ విషయంలో ఎంత తక్కువ పాత్ర ఉందో కర్ణాటక చూపిస్తుంది. తుంగభద్ర ఆయకట్టు కింద సింధనూరు, గంగావతి, బళ్లారి ప్రాంతాలకు కోస్తా జిల్లాల రైతు కుటుంబాలు వలసవెళ్లి ఊళ్లు కట్టుకున్నాయి. వాటిని నేటికీ క్యాంపులు అనే అంటారు. చుట్టూ కన్నడం, మరోపక్క బళ్లారి సీమ తెలుగు. అయినా క్యాంపుల్లోని ఇళ్లలో కోస్తా మాట తరాలు దాటి నిలిచింది. పెళ్లి సంబంధాలకు మళ్లీ పాత జిల్లాల వైపే చూడటం అందుకు పెద్ద కారణం. క్యాంపువాడి మాట పొరుగూరివాడి మాటకన్నా వందల కిలోమీటర్ల దూరాన ఉన్న బంధువుల మాటకు దగ్గర. ఇరుగుపొరుగు అన్నది నేల మీద కొలిచే కొలత కాదని దీన్నిబట్టే తేలుతుంది.

ఊరా, కులమా, చదువా?

రెండో అభ్యంతరం మరింత పదునైనది. తెలుగులో యాస తేడా అనేది ప్రాంతపు తేడా కన్నా కులపు తేడా, చదువు తేడా అని కొందరి వాదన. దీనిలో నిజముంది. ‘భయం’ను ‘బయం’, ‘దేశం’ను ‘దేసం’, ‘విత్తనాలు’ను ‘ఇత్తనాలు’, ‘వేపచెట్టు’ను ‘యాపచెట్టు’ అనడం శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా బడికి దూరంగా ఉన్నవారి నోట ఏదో ఒక రూపంలో వినబడుతుంది. ఒకే ఊళ్లో రెండు వీధుల మధ్య ఈ తేడా స్పష్టంగా ఉండవచ్చు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి నవలలో గుంటూరు ప్రాంతపు పల్లె మాటను సాహిత్యంలోకి తెచ్చినప్పుడు పాత్రల స్థాయిని బట్టి మాట మారిందన్నదీ నిజమే.

అయితే ఈ తేడాలు ఏ పొరలో ఉన్నాయో చూడాలి. మహాప్రాణాలు, శషసల భేదం, సంస్కృత పదాల ఉచ్చారణ, ఇవన్నీ బడిలో నేర్చుకునేవి. కాబట్టి బడి ఎవరికి అందిందన్నదాన్ని బట్టి అవి మారతాయి. ఊరిని బట్టి పెద్దగా మారవు. ‘ఉండాడు’, ‘ఎట్టా’, ‘రాలా’, ‘వచ్చినాడు’ బడిలో నేర్పేవి కావు. వాటి విషయంలో ఊళ్లోని అన్ని వీధులూ చాలా మేరకు ఒకే వైపు మొగ్గుతాయి. నెల్లూరు వైపు డిగ్రీ చదివిన పెద్దమనిషి మహాప్రాణాలన్నీ పొల్లుపోకుండా పలుకుతూనే ‘ఉండాడు’ అనగలడు. కులం, చదువు మాట మీద ఒక ముద్ర వేస్తాయి, ప్రాంతం వేరే చోట మరో ముద్ర వేస్తుంది. రెండింటి వెనుకా పనిచేసేది ఒకటే సూత్రం. బడి అందరికీ అందకపోవడమూ, ఒకే అరుగు మీద అందరినీ కూర్చోనివ్వకపోవడమూ రాకపోకల మీద పెట్టిన ఆంక్షలే. ఊరి లోపలి వాడల మధ్య గీత, ఊళ్ల మధ్య గీత, రెండూ మనుషులను వేరుచేసిన చోటే పడ్డాయి. కాబట్టి ఈ అభ్యంతరం మొదటి ప్రతిపాదనను కొట్టివేయదు, దాన్ని ఊరి లోపలికి కూడా విస్తరింపజేస్తుంది.

మర్యాద విషయంలో వచ్చే అపార్థాలు ఈ చర్చకు ఒక ఉపాంగం. గోదావరి వైపు ‘పో’ అంటే కసురుకున్నట్టు, ‘వెళ్లు’ అనాలి. గుంటూరుకు దక్షిణాన, సీమలో ‘ఎక్కడికి పోతన్నావు?’, ‘యాడికి పోతాండావు?’ అన్నవి మామూలు పలకరింపులు. పెద్దవారిని సైతం అన్నా, మావా అన్న వరసతో ‘నువ్వు’ అని పిలవడం మెట్టలో ఆత్మీయతకు గుర్తు. మాటకు ముందూ వెనకా ‘అండీ’ చేర్చే ప్రాంతం నుంచి వచ్చినవారికి ఇది మొరటుగా తోచడం, ఇక్కడివారికి ఆ ‘అండీ’ అంటీముట్టనట్టు తోచడం తరచూ జరిగేదే. యాసలో మొరటుతనం, మృదుత్వం ఉంటాయన్న అభిప్రాయం ఇలాంటి చోట్ల పుడుతుంది. నిజానికి రెండు చోట్లా మర్యాద ఉంది. ఒకచోట వరసలో ఉంటే మరోచోట ప్రత్యయంలో ఉంది.

యాసలు చెరిగిపోతున్నాయా?

సినిమా, టీవీ, ఫోను వచ్చాక ఊరికో యాస ఎక్కడుంది, అంతా ఒకే తెలుగు అయిపోయింది అన్నది మూడో అభ్యంతరం. పదాల వరకు ఇది చాలామటుకు నిజం. అరక స్థానంలో ట్రాక్టరు వచ్చాక అరక భాగాల పేర్లు పోవడంలో ఆశ్చర్యం లేదు. 1962 నాటి వ్యవసాయ పదకోశంలోని ఎన్నో మాటలకు ఇప్పుడు వస్తువే లేదు. పుస్తకాల, పత్రికల తెలుగు ప్రధానంగా మధ్య మండలపు చదువుకున్నవారి మాట మీద నిలబడింది కాబట్టి, ఒంగోలు దాకా వచ్చిన చదువు ‘ఉండాడు’ను కొంత వెనక్కి నెట్టే ఉంటుంది. చీమకుర్తి క్వారీల్లోకి ఒడిశా, బీహారు వంటి రాష్ట్రాల నుంచి పనివారు రావడంతో పని ప్రదేశంలో హిందీ కూడా చేరింది. వీటిని కాదనలేం.

కాని మాట వినడం వేరు, మాట్లాడటం వేరు. టీవీ ఏకపక్షం, అది మనతో మాట్లాడుతుంది గాని మనం దానితో మాట్లాడం. పైన చూసినట్టు, కూలీలూ రైతులూ ఏటా ఒకే చేలో మెలిగినా అంటని క్రియారూపం, జవాబు కోరని పెట్టె నుంచి అంత తేలిగ్గా అంటదు. పదం అంటుకుంటుంది, క్రియ కట్టే తీరు, వాక్యాంతంలో స్వరం సాగదీసే తీరు నిలుస్తాయి. పైగా తేడా పలచబడుతుందనుకున్న చోట అది గట్టిపడటం కూడా ఉంది. విలియం లాబోవ్ 1963లో అమెరికాలోని మార్తాస్ వైన్‌యార్డ్ దీవి గురించి ప్రకటించిన పరిశోధనలో, వేసవి సందర్శకుల తాకిడి పెరిగాక దీవిలోనే ఉండిపోదలచిన వారి నోట స్థానిక ఉచ్చారణ మరింత బలపడినట్టు తేలింది. తెలుగులోనూ ఇలాంటిది చూశాం. తెలంగాణ మాట ఒకప్పుడు సినిమాల్లో హాస్యపాత్రలకు పరిమితం. ఉద్యమం తర్వాత అది వార్తల్లో, పాటల్లో, కథానాయకుల నోట తలెత్తుకు నిలిచింది. మహమ్మద్ ఖదీర్‌బాబు 1999లో దర్గామిట్ట కథలు ప్రచురించినప్పుడు కావలి ముస్లిం ఇళ్ల నెల్లూరు మాట కథకు అడ్డంకి కాలేదు, అదే బలమైంది. యాస నిలవడానికి దూరం, ఒంటరితనం అక్కర్లేదు. దాన్ని సొంతమనుకునే మనుషులు చాలు.

పేరు పెట్టడంలో చిక్కు

ఇంత చెప్పాక చివరి అభ్యంతరం ఒకటి మిగులుతుంది. ప్రతి లక్షణానికీ వేరే గీత, ప్రతి ఊరికీ వేరే కూర్పు అయితే ఇక గుంటూరు యాస, నెల్లూరు యాస అన్న పేర్లకు అర్థమేముంది, నాలుగు మండలాల విభజన దేనికి అని అడగవచ్చు. సమాధానం ఏమిటంటే ఆ పేర్లు నడిమి ప్రాంతాలకు సరిపోతాయి, అంచులకు సరిపోవు. తెనాలి మాట, వెంకటగిరి మాట పక్కపక్కన పెడితే మధ్య, దక్షిణ మండలాల తేడా ఎవరికైనా వినబడుతుంది. ఆ రెండింటి నడుమ, గుండ్లకమ్మ పరీవాహకంలో, ఆ తేడాను మెట్లు మెట్లుగా దిగుతాం. మెట్ల మీద నిలబడ్డ ఊరిని పై అంతస్తుదా కింది అంతస్తుదా అని అడిగితే జవాబు రాదు. చీమకుర్తి మాటను మధ్య మండలపు చెడిపోయిన రూపమనో, నెల్లూరు మాట సోకిన గుంటూరు యాస అనో అనడం ఇలాంటి ప్రశ్న వేసి తప్పు ఊరి మీద పెట్టడమే. ఈ నేల తెలుగుకు అంచు కూడా కాదు. అద్దంకిలో దొరికిన పండరంగని శాసనం 848 నాటిది, తరువోజ పద్యం చెక్కిన శాసనం. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి కొలువున్న అద్దంకిలోనే ఎఱ్ఱాప్రగడ ఆస్థానకవి. మాండలిక పటం మీద అంచుగా కనబడే చోటు సాహిత్య చరిత్రలో నడుమ ఉంది.

ఆచరణలో దీని ఫలితం ఒకటే. ఇకపై ఈ ప్రాంతపు మాటను నమోదు చేసేవారు జిల్లా పేరుతో ఆగకూడదు. ఊరి పేరు, 1970కి ముందు ఆ ఊరున్న తాలూకా, పంట అమ్మే మార్కెట్టు, పెళ్లి సంబంధాలు కలిసే ఊళ్లు, మాట్లాడినవారి చదువు, వారి వాడ, ఇవన్నీ మాటతో పాటే రాసుకోవాలి. పదాలకన్నా ముందు క్రియారూపాలు సేకరించాలి, ఎందుకంటే పదాలు సరుకుతో పాటు ప్రయాణిస్తాయి, క్రియలు మనుషులతో ఉండిపోతాయి. అలా చేస్తే చీమకుర్తి యాస ఏ మండలానిది అన్న ప్రశ్న పక్కకు పోయి, ఏ లక్షణం ఎవరి ద్వారా, ఏ సంబంధం వల్ల ఇక్కడికి చేరింది అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. జిల్లాల సరిహద్దులు ఎన్నిసార్లు మారినా ఆ జవాబు మారదు.